అడక్కుండా వడ్డించిన పూట

ఆడపడుచులు రకరకాలు. కొందరు చాడీలు చెబుతారు. కొందరు గిన్నెలు అరువు తీసుకెళ్ళి, మూతలు మాత్రం తిరిగి పంపుతారు. ఈ కథలోని మరదలికి దక్కిన ఆడపడుచు అలాంటి సుఖమైన రకం కాదు. ఆవిడ ఇంట్లో ఒక్క అబద్ధాన్ని కూడా నాలుగు రోజులు బతకనివ్వదు. మరదలు పాపం తలనొప్పి అని తలుపేసుకుని మధ్యాహ్నం నవల చదువుకుంటుంటే, లోపలికి వచ్చి దిండు తడిమి చూసి, "తల పెట్టుకున్న దిండు ఇంత చల్లగా ఉండదమ్మాయ్. హంతకుడు ఎవరో తేలిందా, ఇంకా లేదా?" అని అడుగుతుంది. తిండి తగ్గించానని చెప్పుకు తిరిగే సొంత తమ్ముడు ఆఫీసు నుంచి వస్తూ దారిలో ఏం మింగాడో చొక్కా చేతులు చూసి చెబుతుంది. అలాంటి మనిషికి ముందుగది ఇచ్చి, గుమ్మానికి 'ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు కట్టనివ్వడమంటే కొరివితో తల గోక్కోవడమే.

అయినా ఆ గదిలో రెండో కుర్చీ ఈ మరదలిదే. జీతం లేదు. టీ పెట్టడం, ఏడుస్తూ వచ్చినవాళ్ళ పక్కన కూర్చోవడం, రాత్రి భోజనాల దగ్గర వదిన తెలివిని పొగిడి భర్త మొహం మాడ్చడం ఆవిడ విధులు. మూడోది ఆవిడకు మహా ఇష్టం.

ఆ ఉదయం వచ్చినావిడ ఏడవలేదు. నలభై దాటిన మనిషి, బలమైన చేతులు, ఎడమ చెంప కమిలి ఉంది. కుర్చీ చూపిస్తే అంచున కూర్చుంది. మరదలు టీ అందించగానే, తాగే ముందు ఒక్క చుక్క మణికట్టు మీద వేసుకుని చూసుకుంది.

"ఎక్కడ పనిచేస్తారమ్మా? పిల్లల దగ్గరా, పెద్దవాళ్ళ దగ్గరా?" అంది వదిన.

ఆవిడ ఉలిక్కిపడింది. "నేనింకా ఏం చెప్పలేదు కదమ్మా."

"మీ టీ మీరు తాగడానికి అంత పరీక్ష అక్కర్లేదు. ఆ చెయ్యి ఇంకొకరికి తాగించి అలవాటైన చెయ్యి."

ఆవిడ మణికట్టు వంక చూసుకుని, కొంగుతో తుడుచుకుంది. "పెద్దవాళ్ళేనండీ. తమ పని తాము చేసుకోలేనివాళ్ళని ఉంచుకుని చూసుకునే ఇల్లు. ముసలివాళ్ళే కాదు, అన్ని వయసులవాళ్ళూ ఉంటారు. అక్కడ నన్ను ఆయమ్మ అంటారు. అంటారేమిటి, అనేవారు. ఇప్పుడు హంతకురాలు అంటున్నారు."

తర్వాత చెప్పిందంతా ఒకే గొంతుతో, గోడకేసి చెప్పినట్టు చెప్పింది.

ఆ ఇంట్లో ఒకాయన ఉండేవాడు. వయసు నలభై పైనే. చిన్నప్పుడు వచ్చిన జ్వరం మాట తీసుకుపోయింది, మింగే శక్తిని సగం తీసుకుపోయింది, నవ్వును మాత్రం వదిలేసింది. కుర్చీలో కాలు మీద కాలేసుకుని, ఎవరో వచ్చి సేవ చేస్తారన్నట్టు దర్జాగా కూర్చునేవాడు కాబట్టి అందరూ 'దొర' అనేవారు. అక్క ఒక్కతే. బస్సు కండక్టరు. తల్లి పోయాక పదేళ్ళు తనే చూసుకుంది. డ్యూటీకి వెళ్తూ గదికి తాళం వేసి వెళ్ళాల్సి వస్తే, అది భరించలేక ఇక్కడ చేర్పించింది. సెలవు రోజున తప్పకుండా వచ్చేది.

పోయిన వారం లైసెన్సు తనిఖీకి ఆఫీసరు వచ్చాడు. ఆ పొద్దున ఇంటి యజమానురాలు ఆయమ్మను మేడ మీదికి పంపింది. మంచాన పడ్డ ఇద్దరిని చూసుకోమంది, ఆఫీసరు వెళ్ళేదాకా కిందికి రావద్దంది. మధ్యాహ్నం ఆయన వెళ్ళిపోయాక ఆయమ్మ దిగి వచ్చి చూస్తే, దొర తన మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. డాక్టరు గొంతులోంచి ఉడికించిన గుడ్డు ముక్క తీశాడు.

"ఆయనకి గుడ్డు పెట్టకూడదా?"

"ఏదీ ముక్కగా పెట్టకూడదండీ. అన్నీ మెత్తగా చేసి చెంచాతో పెట్టాలి. తిన్నాక బుగ్గలు తడిమి చూడాలి, ఉడుతలాగా దాచుకుంటాడు. కాసేపు కూర్చోబెట్టాకే పడుకోబెట్టాలి. ఇదంతా నా పనే. అందుకే మేడ మీద ఉన్నానన్నా వినకుండా అందరూ నేనే పెట్టానన్నారు. కండక్టరమ్మ వచ్చి వరండాలో అందరి ముందూ..." చెంప మీదికి వెళ్ళబోయిన చేతిని ఆపుకుంది. "పోలీసులకి రాసిచ్చింది. రేపు ఇద్దర్నీ స్టేషనుకి రమ్మన్నారు. ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నది ఈ పనొక్కటే. ఇక ఏ ఇంటివాళ్ళైనా నా చేతికి మనిషిని అప్పగిస్తారా?"

"ఆవిడకి మీ మీద ముందునుంచీ కోపం ఏదైనా ఉందా?"

"కోపం నాకే ఉందంటోంది. ఈ మధ్య ఇద్దరం పోట్లాడుకున్నాం. పసుపు గుడ్డ గురించి."

"ఏం గుడ్డ?"

మింగడం కష్టమైనవాళ్ళకు భోజనం వేళ మెడ చుట్టూ పసుపు గుడ్డ కడతారట. మిగతావాళ్ళకు తెల్లది. పసుపు కనిపిస్తే ఎవరూ ముక్క పెట్టకూడదు. ఆ ఇంట్లో అది ఎప్పటినుంచో వస్తున్న పద్ధతి. కండక్టరమ్మకు అది కంటగింపు.

"పశువుకి వాత పెట్టినట్టు మా తమ్ముడికి ఈ గుర్తేమిటి, తీసెయ్యండి అందమ్మా. అది తీసేస్తే కొత్తవాళ్ళకి ఎలా తెలుస్తుందన్నాను. ఇక్కడ కొత్తవాళ్ళెక్కడున్నారు, ఏళ్ళ తరబడి నీ మొహమేగా చూస్తున్నా అంది. నేనూ ఊరుకోలేదు. ఏదో అన్నాను."

వదిన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఆవిడ కళ్ళద్దాలు తుడిస్తే బుర్ర నడుస్తోందని మరదలికి తెలుసు. కళ్ళద్దాలు నిజంగా మురికైనప్పుడు తుడవాల్సింది మరదలే.

"పదమ్మాయ్, ఆ ఇల్లు చూసొద్దాం," అంది.

*

ఇల్లు శుభ్రంగానే ఉంది. అలాంటి ఇళ్ళలో ఉండే వాసన, మందులూ సబ్బూ ఉడికిన కూరగాయలూ కలిసిన వాసన, గుమ్మంలోనే ఎదురొచ్చింది. ముందుగదిలో లైసెన్సు అద్దాల ఫ్రేములో వేలాడుతోంది. దాని కింద నిబంధనల బోర్డు: పగటిపూట ప్రతి నలుగురికీ శిక్షణ పొందిన మనిషి ఒకరు ఉండాలి.

యజమానురాలిని అందరూ సిస్టర్‌గారు అంటారు. పెద్దాసుపత్రిలో నర్సుగా పనిచేసి, ఉద్యోగ విరమణ డబ్బుతో ఈ ఇల్లు పెట్టింది. నెరిసిన జుట్టు, నిటారైన నడుము. కళ్ళ కింద వలయాలు చూస్తే వారం నుంచే కాదు, ఏళ్ళ నుంచి నిద్రలేదనిపించింది.

"ఆయమ్మ మంచిదే. నేను కాదనను," అంది సిస్టర్‌గారు. "ఒక్కోసారి మంచివాళ్ళ చేతా పొరపాటు జరుగుతుంది."

"ఆరోజు కింద ఎంతమంది పనివాళ్ళు ఉన్నారండీ?"

"ఉండాల్సినంతమంది. ఆఫీసరుగారే లెక్క చూసుకున్నారు. ఇదిగో, ఫొటో కూడా తీసుకున్నాం."

ఫోనులో ఫొటో చూపించింది. భోజనాల గది. పొడుగాటి బల్ల చుట్టూ ఆ ఇంట్లో ఉండేవాళ్ళు, వెనకాల గోడ వెంబడి నీలం దుస్తుల్లో ఆరుగురు. అందరూ ఒకే ఎత్తులో గడ్డాలు లేపి నిలబడ్డారు. ఒకావిడ ఎడమ ముంజేతి మీద మడత పెట్టిన తువ్వాలు ఉంది. బల్ల మీద ప్రతి పళ్ళెం పక్కనా తెల్ల గుడ్డలు విసనకర్రల్లా మడిచి నిలబెట్టి ఉన్నాయి. చివరి కుర్చీలో కాలు మీద కాలేసుకున్న ఒకాయన కెమెరా వంక చూసి నవ్వుతున్నాడు.

మరదలు ఆ నవ్వు దగ్గరే ఆగిపోయింది. వదిన మాత్రం ఫొటోను మూలమూలలా చూసి తిరిగిచ్చింది.

"చక్కగా ఉన్నారు. ఇవాళ కనపడరేం?"

"షిఫ్టులండీ. ఒకరు సెలవు, ఒకరు రాత్రి డ్యూటీ..."

"ఆరుగురికీనా?" అని వదిన ఎంతో మర్యాదగా అడిగింది. ఆ మర్యాద ఎలాంటిదో మరదలికి అనుభవమే. దిండు తడిమేటప్పుడు కూడా ఆవిడ అంతే మర్యాదగా తడుముతుంది.

వంటగదిలో వంటాయన వీళ్ళను చూడగానే గరిట మార్చి గరిట పట్టుకున్నాడు.

"దొరగారికి ఆరోజు ఏం వండారు?"

"ఎప్పటిలాగే, కూరలన్నీ మెత్తగా చేసి గిన్నెలో పెట్టానండీ. గిన్నె పెట్టింది పెట్టినట్టే వెనక్కొచ్చింది."

"గుడ్లు?"

"సగాలు కోసి, పళ్ళెంలో పువ్వులా అమర్చమన్నారు. చూడ్డానికి బాగుంటుందని. నేను కోసిచ్చాను, అంతే. వాళ్ళు పట్టుకెళ్ళారు."

"వాళ్ళంటే?"

వంటాయన తలుపు వైపు చూశాడు. సిస్టర్‌గారు అక్కడ నిలబడి ఉంది. "పనివాళ్ళండీ," అని ఆయన పొయ్యి మంట తగ్గించాడు. పొయ్యి మీద అసలేమీ లేదు.

ఈలోగా భోజనాల గదిలో మరదలికి వేరే పని పడింది. కిటికీ పక్కన కూర్చున్న టీచరమ్మ, అంటే ఒకప్పుడు నిజంగానే పిల్లలకు పాఠాలు చెప్పి ఇప్పుడు నిన్నా మొన్నా కలిపేసుకునే పెద్దావిడ, మజ్జిగ తాగుతూ గడ్డం మీద పోసుకుంది. తుడుద్దామని మరదలు గోడబీరువా సొరుగు లాగితే, లోపల ఒక తెల్ల గుడ్డ విసనకర్రలా మడిచి ఉంది. విప్పబోతే కాగితంలా ఫెళఫెళలాడింది.

"గంజి," అని తనలో తను అనుకుంది మరదలు. మూతులు తుడిచే గుడ్డకి గంజి పెట్టే మనిషి ఎవరు? గంజి గుడ్డ తడి పీల్చదని చాకిరీ చేసే ప్రతి ఆడదానికీ తెలుసు.

"దాచుకోమ్మా," అంది టీచరమ్మ రహస్యంగా. "పెళ్ళివాళ్ళు మర్చిపోయారు."

"ఏ పెళ్ళండీ?"

"మొన్న ఇక్కడ అయింది కదూ. ఎంత బాగా చూశారనుకున్నావ్. అడక్కుండానే వడ్డించారు. ఇక్కడ నేను నీళ్ళు కావాలని గొంతు చించుకున్నా ఎవరూ రారు, పాపం ఉన్నది ఇద్దరే. ఆరోజు మాత్రం గ్లాసు దించడమే ఆలస్యం, నింపేవాళ్ళు."

"ఆవిడ మాటలు పట్టించుకోకండి," అంటూ సిస్టర్‌గారు వచ్చేసింది. "నిన్న నన్ను హెడ్‌మాస్టరు అంది."

దారిలో మరదలు ఆ గుడ్డను సంచీలోంచి తీసి వదినకు చూపించింది. వదిన మూల తిప్పి చూసింది. ఎర్రదారంతో కుట్టిన చిన్న గుర్తు ఉంది, లాండ్రీవాళ్ళు ఎవరి బట్టలు వాళ్ళకు వేరు చేసుకోవడానికి కుట్టుకునేది.

"అమ్మాయ్," అంది వదిన, "నిన్ను పెట్టుకున్నందుకు నాకు జీతం ఇవ్వాలి."

"మీకా?"

"నీకిస్తే మా తమ్ముడు తీసేసుకుంటాడు."

ఇంతకంటే పెద్ద మెప్పు ఆ ఇంట్లో ఎవరికీ దక్కలేదు. మరదలు బస్టాపు దాకా నేల మీద నడవలేదు.

*

కండక్టరమ్మ డిపోలో దొరికింది. వరసగా నిలిపిన బస్సుల పక్కన, సిమెంటు గట్టు మీద కూర్చుని, తెరవని అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఉంది. పొడగరి. గొంతు మూడు బస్సుల అవతలికి వినపడుతుంది.

"దానికి వకాల్తా పుచ్చుకుని వచ్చారా? ముందుకు జరగండి. నేను మాట్లాడను."

"వకాల్తా కాదు. రెండు మాటలు అడిగి పోతాం."

"ఒకటి అడగండి."

"ఆయమ్మ గుడ్డు పెడుతుంటే చూసినవాళ్ళు ఉన్నారా?"

"సిస్టర్‌గారు చెప్పారు."

"పెడుతుంటే చూశానని చెప్పారా? పెట్టడం ఆవిడ పని అని చెప్పారా?"

కండక్టరమ్మ నోరు తెరిచి, మూసింది.

"ఆవిడ పనే అన్నారు," అంది చివరికి. గొంతు మామూలు మనుషుల గొంతంత అయింది. "అయితే? పనే కదా. ఆ పని మనిషి చేతుల్లోనే కదా పెట్టి వెళ్ళాను. నా తమ్ముడికి ఆకలేస్తే అడగడం రాదు. నొప్పేస్తే చెప్పడం రాదు. ఊపిరి ఆడనప్పుడు ఎవర్ని పిలిచుంటాడు?"

మరదలు వెళ్ళి పక్కన కూర్చుంది. కండక్టరమ్మ డబ్బా తెరిచి, మూత మళ్ళీ పెట్టేసి, "డ్యూటీ టైమైంది," అని లేచింది.

"రేపు పొద్దున స్టేషనుకి వెళ్ళే ముందు ఒక్కసారి ఆ ఇంటికి రండి," అంది వదిన. "ఆయమ్మే చేసిందని అక్కడ తేలితే నేనే మీతో స్టేషనుకి వస్తాను."

ఆ సాయంత్రం మరదలు ఎర్రదారం గుర్తు పట్టుకుని లాండ్రీలు తిరిగింది. మూడోచోట ఇస్త్రీ చేస్తున్న మనిషి దాన్ని చూడగానే ఎవరిదో చెప్పేశాడు. వదిన విని తల ఊపింది. ఆశ్చర్యపోలేదు.

*

మర్నాడు ఉదయం వదిన కబురు మీద ఆ భోజనాల గదిలో అందరూ చేరారు. లైసెన్సు ఆఫీసరు సన్నగా, నీటుగా, కలం జేబులో పెట్టుకుని ఒక చివర. సిస్టర్‌గారు తలుపు దగ్గర. వంటాయన గోడకి ఆనుకుని. కండక్టరమ్మ, ఆయమ్మ బల్లకు చెరో కొసన, ఒకరినొకరు చూసుకోకుండా. టీచరమ్మ ఎప్పటిలాగే కిటికీ దగ్గర. వదినతో పాటు వచ్చిన ముప్పై అయిదేళ్ళ మనిషి ఒకావిడ కూడా ఉంది. ఆవిడెవరో వదిన చెప్పలేదు. ఆవిడను చూడగానే సిస్టర్‌గారి మొహంలో రంగు పోయింది.

వదిన బల్ల దగ్గర కూర్చుని, ఎదురుగా ఉన్న నీళ్ళ గ్లాసు ఎత్తి తాగి కింద పెట్టింది.

"ఆఫీసరుగారూ, ఆరోజు మీరు లెక్క చూసినప్పుడు..." అని మొదలుపెట్టి, ఏదో మర్చిపోయినట్టు ఆగింది.

ఆ కొత్తావిడ కూజా తీసుకుని, వదిన కుడిభుజం పక్కనుంచి వంగి గ్లాసు నింపి, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడింది.

"నేను అడగలేదు కదమ్మా. ఎందుకు పోశారు?" అంది వదిన.

"గ్లాసు ఖాళీ అయింది కదండీ. ఖాళీగా కనపడితే మా మేస్త్రీ ఊరుకోడు. అతిథి అడిగేదాకా ఉంచితే మన వడ్డన తగలెయ్యనా అంటాడు."

"పెళ్ళివాళ్ళు వచ్చారు," అంది టీచరమ్మ సంతోషంగా.

వదిన గంజిగుడ్డను బల్ల మీద పెట్టింది.

"ఈవిడ విందులకి వడ్డించే ఏజెన్సీలో పనిచేస్తుంది. ఈ గుడ్డ ఆ ఏజెన్సీదే, మూలన వాళ్ళ లాండ్రీ గుర్తు ఉంది. మనుషుల్ని కూర్చోబెట్టి తినిపించే ఇంట్లో విసనకర్ర మడతలు ఎవరూ వెయ్యరు. గంజి అసలే పెట్టరు. అది మా మరదలు కనిపెట్టింది. ఫొటోలో నీలం బట్టల్లో ఉన్న ఆరుగురూ నిలబడ్డ తీరు, ముంజేతి మీద తువ్వాలు, అది ఆయాల తీరు కాదు. నిబంధన ప్రకారం ఇక్కడ ఉండాల్సినంతమంది లేరు. ఉన్నది ఇద్దరు. ఒకరు సెలవు పెట్టారు, రెండోది ఆయమ్మ. అందుకని తనిఖీ పూటకి మనుషుల్ని అద్దెకి తెచ్చారు. ఆయమ్మ కింద ఉంటే కొత్త మొహాలు చూసి ఆఫీసరు ముందే ఏదో ఒకటి అంటుంది. అందుకని మేడ మీదికి పంపేశారు. ఆవిడ దొరగారికి తినిపించిందని ఎవరూ చూడలేదు. తినిపించడం ఆవిడ పని అని మాత్రమే చెప్పారు. రెండూ ఒకటి కావు."

ఆఫీసరు జేబులోని కలం తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇక పసుపు గుడ్డలు. బల్ల నిండా ఒకే రంగు ఉంటే ఫొటో బాగుంటుంది. ఆరోజు అందరికీ తెల్లవే పెట్టారు. ఫొటోలో పసుపు ఎక్కడా లేదు." వదిన వడ్డనావిడ వైపు తిరిగింది. ఇప్పుడామె గొంతు చాలా మెత్తబడింది. "అమ్మా, ఆరోజు ఆ చివరి కుర్చీలో ఎవరు కూర్చున్నారో గుర్తుందా?"

"ఎందుకు లేదండీ. కాలు మీద కాలేసుకుని ఒకాయన. మాట్లాడరు. ఎవరో మెత్తటి గుజ్జు గిన్నె ముందు పెట్టారు, ఆయన దాన్ని తోసేసి పక్కాయన పళ్ళెంలో గుడ్డు వంక చూశారు. అంతే, నాకు అర్థమైపోయింది. అడగలేక మొహమాటపడే అతిథులు ఉంటారండీ, చూపుని బట్టి పెట్టాలి. రెండు ముక్కలు పెట్టాను. ఎంత నవ్వారో. మా పనిలో మా మొహం వంక చూసి నవ్వేవాళ్ళు తక్కువ. తిన్నాక కాస్త నలతగా ఉన్నట్టు కనపడితే నేనే గదిలోకి తీసుకెళ్ళి పడుకోబెట్టి వచ్చాను." ఆవిడ చివరి కుర్చీ వంక, తర్వాత తలుపు వంక చూసింది. "ఆయన లేరా ఇవాళ?"

వడ్డనావిడ ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వచ్చి, కండక్టరమ్మ దగ్గర ఆగింది. అప్పుడు కూజాను బల్ల మీద పెట్టింది. సరిగ్గా ఆనలేదు, మరదలు పట్టుకోకపోతే పడిపోయేది.

"నాకెవరూ చెప్పలేదండీ," అంది. "నాకెవరూ చెప్పలేదు."

"తెలుసమ్మా," అంది ఆయమ్మ. "పసుపు గుడ్డ లేకపోతే నేనైనా కొత్తలో అదే చేద్దును. ముక్క బుగ్గలో పెట్టుకుని ఉంటాడు. పడుకోగానే గొంతులోకి జారింది."

సిస్టర్‌గారు కుర్చీ వెతుక్కుని కూర్చుంది. నిటారైన ఆ నడుము వంగడం అందరూ చూశారు.

"పేపర్లో ప్రకటన వేస్తాను," అంది, ఎవరికో కాదు, బల్లకి. "వస్తారు. శిక్షణ ఇస్తాను. మూడు నెలల్లో ఆసుపత్రులు ఎక్కువ జీతమిచ్చి తీసుకుపోతాయి. మళ్ళీ ప్రకటన. నలుగురికి ఒకరు అని బోర్డు రాసినవాళ్ళు ఆ ఒకరిని ఎక్కడినుంచి తేవాలో రాయలేదు. లైసెన్సు పోతే వీళ్ళంతా ఎక్కడికి పోతారు? టీచరమ్మని ఎవరు తీసుకుంటారు? ఒక్క పూట గడిస్తే చాలనుకున్నాను." హఠాత్తుగా తల ఎత్తింది. "పసుపు గుడ్డలు తీసెయ్యమన్నది మాత్రం నేను కాదు. అదిగో, ఆవిడ. వచ్చినప్పుడల్లా అదే గొడవ."

కండక్టరమ్మ కదల్లేదు.

"ఆవిడ అక్క. తమ్ముడు అందరిలా కనపడాలని అడిగింది," అంది వదిన. "మీరు నర్సు. అది ఎందుకు కట్టారో తెలిసి తీసేశారు. తీసేసిన పూటే కొత్తవాళ్ళని బల్ల దగ్గర నిలబెట్టారు, వాళ్ళకి ఒక్క ముక్క చెప్పకుండా. అది కూడా భయంలో జరిగిందనుకుందాం. మనిషి పోయాక, అన్నీ తెలిసి, ఈవిడని చూపించారు చూడండి, దానికి భయం అని పేరు పెట్టలేం."

సిస్టర్‌గారు ఆయమ్మ వైపు చూడలేకపోయింది.

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "నేను లెక్క సరిపోయిందో లేదో చూశాను. పేర్లు అడగలేదు." ఫోను తీసి, తన ఆఫీసుకు చేసి, లైసెన్సు ఆపేస్తున్నట్టు చెప్పి, వీళ్ళకు వేరే చోట్లు చూసేదాకా శిక్షణ ఉన్న మనుషుల్ని ఈ మధ్యాహ్నానికే పంపమన్నాడు. అవతలివాళ్ళు మనుషులు లేరన్నారు కాబోలు, "నాకు తెలుసు, అయినా పంపండి," అన్నాడు. తర్వాత పోలీసు స్టేషనుకి చేశాడు.

మరదలికి ప్రతిసారీ ఈ ఘట్టంలో గొప్ప ఉత్సాహం వచ్చేది. రాత్రి భర్తకు ఎలా చెప్పాలో మనసులో మాటలు పేర్చుకునేది. ఈసారి ఒక్క మాటా కుదరలేదు. వదిన కూడా గెలిచిన మొహంతో లేదు. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, వట్టి కళ్ళతో కూర్చుని ఉంది.

అన్నం వేళయింది. ఎవరు చచ్చినా, ఎవరు దొరికిపోయినా, ఆ ఇంట్లో అన్నం వేళ అన్నం వేళే. వంటాయన గిన్నెలు తెచ్చాడు. ఎవరూ చెప్పకుండానే ఆయమ్మ లేచి, చేతులు కడుక్కుని, లోపలినుంచి ఒక్కొక్కరినీ నడిపించుకుంటూ, తోపుడు కుర్చీల్లో ఉన్నవాళ్ళను తోసుకుంటూ తెచ్చి కూర్చోబెట్టసాగింది. మరదలు కొంగు దోపి సాయానికి వెళ్ళింది. ఎవరికి ఏది పెట్టాలో తెలియక ప్రతి గిన్నెకీ ఆయమ్మ మొహం చూసింది.

కండక్టరమ్మ అంతసేపూ తన చోటనే నిలబడి ఉంది. వెళ్ళిపోతుందనుకున్నారు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

"ఇదిగో," అని పిలిచింది. రద్దీ బస్సులో వెనక సీటుదాకా వినిపించే గొంతు అది. వరండాలో ఉన్నవాళ్ళు కూడా లోపలికి తొంగి చూశారు. ఆయమ్మ చేతిలో చెంచా ఆగింది.

"ఆరోజు ఇంతమంది ముందు నిన్ను కొట్టాను. ఇంతమంది ముందు అనరాని మాటలన్నాను. స్టేషనుకి పోయి అక్కడ కూడా చెబుతాను, కానీ ముందు ఇక్కడ చెప్పాలి." ఆవిడ గొంతు ఎక్కడా తగ్గలేదు. కళ్ళనీళ్ళు చెంపల మీద కారిపోతున్నా తుడుచుకోలేదు. "మా వాడిని నువ్వు చంపలేదు. ఇన్నేళ్ళూ బతికించావు. ఆ గుడ్డ విషయంలో నువ్వు చెప్పింది నేను వినలేదు. తప్పు నాదమ్మా. నాదే తప్పు."